తీరం లేని ఊళ్లో పక్షుల రేవు

రాయ్‌పూర్‌కు సముద్రం లేదు. కానీ హిమాలయాలు దాటి వచ్చే అతిథులు దిగడానికి చుట్టూ చెరువులున్నాయి. ఆ చెరువుల ఒడ్డు ఎన్నాళ్లు మిగులుతుందన్నదే ఇప్పుడు ప్రశ్న.

సముద్రం లేకపోయినా రాయ్‌పూర్‌కు మెరైన్ డ్రైవ్ ఉంది. తెలీబాంధా చెరువు గట్టుకు జనం పెట్టుకున్న పేరది. సాయంత్రమైతే చాలు, దీపాల వరుస కింద నడిచేవాళ్లు, చాట్ తినేవాళ్లు, పిల్లల్ని ఆడించేవాళ్లు అక్కడ కిక్కిరిసిపోతారు. అసలైన సముద్రతీరం చూడాలంటే దాదాపు 500 కిలోమీటర్లు ప్రయాణించి విశాఖపట్నం చేరుకోవాలి.

అయితే దసరా వెళ్లి దీపావళి దగ్గరపడే రోజుల్లో ఇదే ఊరి నుంచి కొందరు ఇంకా చీకటి ఉండగానే బయల్దేరతారు. మెడలో బైనాక్యులర్లు, భుజాన పొడుగాటి లెన్సు కెమెరా, సంచిలో ఫ్లాస్కు. బిలాస్‌పూర్ రోడ్డు పట్టుకుని సిమ్‌గా దాటి, శివ్‌నాథ్ నది మీద ఉన్న నాంద్‌ఘాట్ వైపు వెళ్తారు. రాయ్‌పూర్‌కు 70 కిలోమీటర్ల దూరంలో, బెమెతరా జిల్లాలో గిధ్వా, పర్‌సదా అనే రెండు పల్లెలున్నాయి. గిధ్వాలో దాదాపు 100 ఎకరాల పాత చెరువు, పర్‌సదాలో సుమారు 125 ఎకరాల జలాశయం. మంచు తెర తొలగేసరికి నీటి మధ్యలో నల్లటి మచ్చల్లా ఏవో కదులుతుంటాయి. కాస్త వెలుగు పెరిగాక ఆ మచ్చలకు మెడలు, ముక్కులు, రెక్కలు మొలుస్తాయి. నిన్న సాయంత్రం ఖాళీగా ఉన్న నీటి మీద ఈ ఉదయం వందల బాతులు ఉండొచ్చు. అవి రాత్రికి రాత్రి దిగినవే.

కొండకొమ్ము నుంచి గట్టు దాకా

వలస పక్షులను చూడటానికి ప్రపంచమంతటా ఔత్సాహికులు మొదట వెతికేది సముద్రంలోకి పొడుచుకువచ్చిన నేల కొసను. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండను గుర్తు తెచ్చుకుంటే ఆ స్వరూపం అర్థమవుతుంది. దీని వెనక ఓ చిన్న లెక్క ఉంది. గద్దల వంటి పెద్ద పక్షులు నేల వేడెక్కి పైకి లేచే గాలిని ఆసరాగా చేసుకుని, రెక్క ఆడించకుండా ఎగురుతాయి. సముద్రం మీద అలాంటి గాలి దొరకడం కష్టం. అందుకే అవి వీలైనంత వరకు నేలను వదలకుండా తీరం వెంబడే వస్తాయి. తీరం సన్నబడి కొసగా మారిన చోట, గరాటులో పోసిన నీళ్లలా అన్నీ ఒకే దారిలోకి చేరతాయి. స్వీడన్ నైరుతి కొసన ఉన్న ఫాల్‌స్టెర్బోలో 1973 నుంచి, అమెరికాలోని కేప్ మేలో 1976 నుంచి శరదృతువులో ఇలా నిలబడి పక్షులను లెక్కిస్తూనే ఉన్నారు. మన దేశంలో తమిళనాడులోని కోడియక్కరై అటువంటి కొసే. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ అక్కడ దశాబ్దాలుగా పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగి వాటి దారులను ఆరా తీసింది.

కొస మీద నిలబడితే కనిపించేది ప్రయాణం. పక్షి వస్తుంది, పోతుంది. రాయ్‌పూర్ లాంటి లోతట్టు ప్రాంతంలో కనిపించేది మజిలీ. ఆకాశంలో వరుసలు కట్టి పోయే గుంపుల కోసం ఇక్కడ ఎదురు చూడనక్కర్లేదు. అలసిన పక్షి ఎక్కడ దిగిందో, ఏం తింటోందో, ఎన్నాళ్లు ఉంటోందో గట్టు మీద కూర్చుని చూడొచ్చు. కొన్నింటికి ఈ చెరువు రెండు మూడు రోజుల సత్రం. కొన్నింటికి మార్చి దాకా అద్దె ఇల్లు.

ఒక్కోసారి సముద్రమే ఇక్కడికి నడిచొచ్చినట్టు ఉంటుంది. 2024 మే నెలలో ఖైరాగఢ్-బెమెతరా సరిహద్దు ప్రాంతంలో, ఒంటికి ఉపగ్రహ పరికరం తగిలించి ఉన్న విమ్‌బ్రెల్ పక్షి స్థానిక పక్షి ప్రేమికుల కెమెరాకు చిక్కింది. కిందికి వంగిన పొడుగు ముక్కున్న ఈ పక్షి చలికాలాన్ని సముద్రతీరాల బురదలో పీతలు ఏరుకుంటూ గడుపుతుంది. వేసవికి ఉత్తర ధ్రువం దాపులకు వెళ్లి గుడ్లు పెడుతుంది. మధ్యలో ఛత్తీస్‌గఢ్ వరి మళ్లలో దానికేం పని? దాని దారి ఈ ఊళ్ల మీదుగా ఉంది, అంతే.

ఆరు ఇరవైలు, పైన ఆరు

ఆ దారికి మధ్య ఆసియా వలస మార్గమని పేరు. ఆర్కిటిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా 30 దేశాల మీదుగా సాగుతుంది. భారత ప్రభుత్వం 2018లో విడుదల చేసిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకారం మూడు వలస మార్గాల్లో కలిపి మన దేశానికి 370 జాతుల పక్షులు వస్తాయి. వాటిలో 310 జాతులకు ప్రధాన ఆధారం చిత్తడి నేలలే.

ఈ ప్రయాణంలో సాహసమంటే చారల తల బాతుదే. మంగోలియా, టిబెట్, లదాఖ్ సరస్సుల దగ్గర పిల్లల్ని చేసుకుని, చలి మొదలు కాగానే హిమాలయాలు దాటి దిగువకు వస్తుంది. ఛత్తీస్‌గఢ్ జలాశయాల మీదా కనిపిస్తుంది. ఉపగ్రహ పరికరాలు అమర్చి చేసిన పరిశోధనలో ఓ బాతు 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు తేలింది. అంత ఎత్తులో గాలిలో ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో సగం కూడా ఉండదు. మనిషైతే నాలుగడుగులకోసారి ఆగి ఆయాసపడే చోట అది రెక్కలాడిస్తూ పోతుంది.

అలాంటి పక్షికి కొండలు దిగాక కావలసింది నీళ్లు, తిండి, కాస్త ప్రశాంతత. ఛత్తీస్‌గఢ్ మైదానంలో ఇవి పుష్కలంగా దొరకడానికి కారణం ప్రకృతి ఒక్కటే కాదు. ఇక్కడి సహజ సరస్సుల కన్నా మనుషులు తవ్విన చెరువులే ఎక్కువ. పాత ఊళ్ల గొప్ప చెప్పేటప్పుడు ఇక్కడి జనం 'ఛై ఆగర్ ఛై కోరీ' అంటారు. కోరీ అంటే ఇరవై. ఆరు ఇరవైలు, పైన ఆరు, వెరసి 126 చెరువులు. రతన్‌పూర్ లాంటి ఊళ్ల గురించి ఈ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. వరి పండించే నేల, నాలుగు నెలల వాన, ఎనిమిది నెలల ఎండ. చెరువు లేనిదే ఊరు లేదు. స్నానానికి, పశువులకు, ఇంటి అవసరాలకు వాడుకునే చెరువును ఇక్కడ 'నిస్తారీ' చెరువంటారు. దాని మీద హక్కు ఊరందరిదీ.

రాయ్‌పూర్ కూడా చెరువుల ఊరే. బూఢా తాలాబ్, మహరాజ్‌బంధ్, కంకాలీ తాలాబ్ ఇంకా ఉన్నాయి. రాజ్‌బంధా తాలాబ్ పూడిపోయి మైదానమైంది. పేరులో మాత్రం చెరువు మిగిలింది.

అందరూ సైబీరియా వాళ్లేనా?

గట్టు మీద ఏ పిట్ట గురించి అడిగినా 'సైబీరియా నుంచి వచ్చింది' అన్న జవాబే వస్తుంది. పత్రికలూ అదే రాస్తాయి. నిజానికి ఇక్కడ చేరే పక్షుల్లో మూడు రకాలున్నాయి.

మొదటివి ఏడాది పొడవునా ఉండేవి. చెరువు మధ్యలో గుంపుగా ఈల వేసే చిలువ బాతులు, గట్టున అరిచి గోల చేసే తీతువులు ఈ కోవలోవి. రెండోవి దేశంలోనే చోటు మారేవి. నత్తగుల్లలను చీల్చుకు తినే ఓపెన్‌బిల్ కొంగ వానల ముందు వస్తుంది. కోర్బా జిల్లా కంకీ గ్రామంలో అది గుడి దగ్గర చెట్ల మీద గూళ్లు కడుతుంది. కొంగ వస్తే వాన వచ్చినట్టేనని ఊరివాళ్ల నమ్మకం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ ఇదే కథ. సెప్టెంబరులో దిగే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను ఆ ఊరు ఆడపడుచుల్లా చూసుకుంటుంది. రాకపోతే కీడని భయపడుతుంది. వాటినీ సైబీరియా పక్షులనే అంటారు గానీ, తేలినీలాపురంలోనే గుడ్లు పెట్టి పిల్లల్ని చేసే పక్షి పుట్టిల్లు సైబీరియా ఎలా అవుతుంది?

మూడోవే అసలైన విదేశీయులు. సూదిలాంటి తోకతో పొడుగు మెడ బాతు పిన్‌టెయిల్, ఎర్రతల పోచార్డ్, కొల్లేరు వైపు పరజలని పిలిచే చిన్న బాతులు, మన కావ్యాల్లో చక్రవాకంగా పేరుపడ్డ బాపన బాతు, బురదలో పరుగులు తీసే ఉల్లంకి పిట్టలు. వీటి గూళ్లు హిమాలయాలకు అవతల. వీటిలోనూ ముందు వచ్చేవి చిన్నవే. ఆగస్టు చివరికే ఉల్లంకులు, తోక ఊపే పిట్టలు కనిపిస్తాయి. పెద్ద బాతులు అక్టోబరు రెండో సగం నుంచి దిగుతాయి.

ఈ తేడా తెలియడం వల్ల ప్రయోజనం ఉంది. కంకీ కొంగకు కావలసింది చెట్టు. పిన్‌టెయిల్‌కు చెట్టుతో పనే లేదు. ఎవరికేం కావాలో తెలియకుండా చేసే సంరక్షణ ఒక్కోసారి హానిగా మారుతుంది.

జానెడు నీటి లెక్క

పక్షికి నీళ్లుంటే చాలనుకుంటాం. ఎన్ని నీళ్లన్నదే అసలు సంగతి. ఉల్లంకి కాళ్లు మునగనంత లోతులో, అంటే రెండు మూడు అంగుళాల నీటిలో, తడి బురదలో పురుగులు ఏరుకుంటుంది. పిన్‌టెయిల్, పరజలు మునగవు. తల కిందికి, తోక పైకి పెట్టి మెడ అందినంత లోతులో మేస్తాయి. వాటికి అడుగు, అడుగున్నర నీళ్లు కావాలి. పోచార్డ్‌లు మునిగి అడుగున ఉన్న దుంపలు, గింజలు తెచ్చుకుంటాయి. వాటికి లోతు కావాలి.

పాత పల్లె చెరువు వాలుగా ఉంటుంది. ఒడ్డున బురద, తర్వాత మోకాలి లోతు, మధ్యలో నిలువు లోతు. నీళ్లు తగ్గేకొద్దీ ఈ పట్టీలు లోపలికి జరుగుతాయి. కొత్త ధాన్యం ఇంటికొచ్చి ఛేర్‌ఛేరా పండుగ జరుపుకునే జనవరి నాటికి కొత్త బురద బయటపడి, ఉల్లంకులకు మరో వడ్డన సిద్ధమవుతుంది. ఒకే చెరువు పది రకాల పక్షులకు అన్నం పెట్టడంలోని రహస్యం ఈ వాలే.

నగరం చెరువును బాగుచేయడం మొదలుపెడితే ముందు పోయేది కూడా ఈ వాలే. ఒడ్డున రాతి గోడ కడతారు. దాని మీద నడక దారి, దీపాలు, బెంచీలు వస్తాయి. నీళ్లు గోడకు తగులుతూ అద్దంలా మెరుస్తాయి. చూడటానికి బాగుంటుంది. చెత్త వేయడం తగ్గుతుంది, ఆక్రమణ ఆగుతుంది, సాయంత్రం పూట ముసలివాళ్లకు కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. ఇవేవీ చిన్న ప్రయోజనాలు కావు. అయితే ఆ అద్దం అంచున ఉల్లంకి కాలు పెట్టడానికి జానెడు బురద ఉండదు. రాత్రంతా వెలిగే దీపాల మధ్య బాతు నిద్రపోదు. రాయ్‌పూర్ పక్షి ప్రేమికుడు ఇంటి పక్కనున్న మెరైన్ డ్రైవ్ వదిలి 70 కిలోమీటర్లు పోవడానికి కారణం ఇదే.

పల్లెలో గోడ లేదు. అక్కడి చిక్కు వేరు. చెరువుకు ముగ్గురు హక్కుదారులున్నారు. స్నానానికి, పశువులకు వాడుకునే ఊరు ఒకరు. వాన మొహం చాటేస్తే పొట్ట మీదున్న వరికి ఆఖరి తడి కోసం నీళ్లడిగే రైతు రెండోవారు. చేపల కౌలు కట్టిన మత్స్యకారుడు మూడోవారు. రైతుకు నీళ్లు అవసరమయ్యేది, బాతులు దిగేది ఇంచుమించు ఒకే నెలలో. కౌలుదారు డబ్బు కట్టి పిల్లచేపలు వదిలాడు. నీటి పక్షి ప్రతిదీ ఆయన కంటికి దొంగే. పిన్‌టెయిల్ మేసేది ప్రధానంగా గింజలు, నాచు, పురుగులేనని చెప్పినా, నీటికాకి చేసే నష్టం కళ్లారా చూసినవాడికి అది సమాధానం కాదు. నాలుగో వాటాదారు పక్షి. దానికి పంచాయతీలో ఓటు లేదు.

చట్టంలో లేని చెరువు

ఓటు లేకపోతే చట్టమైనా ఆదుకోవాలి. ఇక్కడే అసలు మెలిక ఉంది. కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల సంరక్షణ, నిర్వహణ నియమాలు మనుషులు తాగునీటి కోసం నిర్మించుకున్న చెరువులను చిత్తడి నేలల నిర్వచనం నుంచి మినహాయించాయి. సాగునీరు, చేపల పెంపకం, ఉప్పు తయారీ, వినోదం కోసం కట్టినవీ అంతే. ఛత్తీస్‌గఢ్‌లో పక్షులు దిగే చెరువుల్లో అత్యధికం ఏదో ఒక అవసరానికి మనిషి తవ్వుకున్నవే. పక్షి దృష్టిలో చిత్తడి నేల, చట్టం దృష్టిలో కాదు.

దేశంలో మొట్టమొదటి జలవనరుల గణన నివేదిక 2023లో వచ్చింది. 24,24,540 జలవనరులు లెక్కకు తేలాయి. అందులో 97.1 శాతం పల్లెల్లోనే ఉన్నాయి. ఆక్రమణకు గురైనవి 38,496. అంటే వలస పక్షి భవిష్యత్తు ప్రసిద్ధ సరస్సుల మీద ఎంత ఆధారపడి ఉందో, పేరు కూడా తెలియని ఈ పల్లె చెరువుల మీదా అంతే ఆధారపడి ఉంది.

మినహాయింపు నుంచి బయటపడే దారులు లేకపోలేదు. బిలాస్‌పూర్ జిల్లాలోని కోప్‌రా జలాశయానికి 2025 డిసెంబరులో రామ్‌సర్ గుర్తింపు దక్కింది. ఛత్తీస్‌గఢ్‌కు అదే మొదటిది. చుట్టుపక్కల ఊళ్ల పొలాలకు నీరిచ్చే జలాశయమది. 60కి పైగా వలస జాతులు అక్కడికి వస్తాయి. రామ్‌సర్ జాబితాలో చేరిన చోటుకు 2017 నియమాలు వర్తిస్తాయి. రెండో దారి వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణలో ఉంది. ఊరు తానుగా ముందుకొస్తే ఉమ్మడి నేలను కమ్యూనిటీ రిజర్వ్‌గా ప్రకటించవచ్చు.

గిధ్వా, పర్‌సదాలకు గుర్తింపు మరో రూపంలో వచ్చింది. 2021 జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 దాకా అక్కడ 'హమర్ చిరైయా' పేరుతో పక్షుల ఉత్సవం జరిగింది. ఛత్తీస్‌గఢీలో దానర్థం 'మన పిట్టలు'. ఆ ప్రాంతంలో 150 దాకా పక్షి జాతులున్నాయని అప్పుడే ఊరూరా తెలిసింది. ఉత్సవం మూడు రోజులది. చెరువుకు మిగతా రోజులూ ఉంటాయి.

ఉప్పలపాడు చెప్పే పాఠం

ఊరు ఒప్పుకుంటే ఏం జరుగుతుందో, ఒప్పించకుండా చేస్తే ఏం జరుగుతుందో తెలుగువాళ్లకు బాగా తెలుసు. గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఒకప్పటి మంచినీటి చెరువు పక్షులదైంది. చెరువు మధ్య తుమ్మచెట్లు, అవి చాలకపోతే ఇనుప స్టాండ్లు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇళ్లకు కూతవేటు దూరంలో సంసారం చేస్తాయి. అక్కడ పక్షిని కాపాడుతున్నది ఊరి ఇష్టం.

కొల్లేరు కథ వేరు. 1999లో ఐదో కాంటూరు దాకా సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చేపల చెరువుల గట్లను పేల్చేశారు. సరస్సుకు ఊపిరాడింది నిజమే. కానీ చేపల మీద బతికే కుటుంబాలకు ప్రత్యామ్నాయం చూపడంలో జరిగిన లోటు వల్ల కాంటూరు వివాదం ఏళ్ల తరబడి నలిగింది, ఆక్రమణలు మళ్లీ తలెత్తాయి. గట్టు పేల్చడానికి ఒక పూట చాలు. ఊరిని ఒప్పించడానికి తరం పడుతుంది.

ఛత్తీస్‌గఢ్ చెరువులకు పనికొచ్చే దారి ఈ రెండింటి మధ్య ఉంది. చెరువు మొత్తం పక్షులకు రాసివ్వనక్కర్లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒక మూల వల వేయకుండా వదిలేయడం, ఆ మేరకు కౌలుదారుకు కౌలు తగ్గించడం, చెరువు బాగుచేసేటప్పుడు కనీసం ఒక వైపు గోడ కట్టకుండా వాలు ఉంచడం, అక్కడ దీపాలు పెట్టకపోవడం. ఇవేవీ కోట్ల పథకాలు కావు. పంచాయతీ తీర్మానంతో, ఇంజనీరు గీసే ఒక గీతతో అయ్యే పనులు.

చూసేవాళ్లకూ ఒక బాధ్యత ఉంది. మంచి ఫొటో కోసం బాతుల గుంపును లేపితే, వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి కూడబెట్టుకుంటున్న కొవ్వును మనం ఖర్చు చేయించినట్టే. సూర్యోదయానికి ముందే గట్టు చేరి, ముదురు రంగు బట్టలతో, కదలకుండా కూర్చుంటే అవే దగ్గరికొస్తాయి. చూసినవి రాసి పెట్టుకోవాలి. 1987లో మొదలైన ఆసియా నీటి పక్షుల గణన ఏటా జనవరిలో జరుగుతుంది. అందులో చాలా భాగం ఇలాంటి స్వచ్ఛంద లెక్కలే. చిల్కా సరస్సులో ఇటీవలి గణనల్లో పది లక్షలు దాటిన పక్షులు తేలుతున్నాయి. ఆ పెద్ద లెక్కలు ఎవరైనా రాస్తారు. ఊరి చెరువులో దిగిన నలభై బాతుల లెక్క ఆ ఊరివాడు రాయకపోతే ఎవరూ రాయరు. లెక్కలో లేని చెరువు మాయమైనా ఎవరికీ తెలియదు.

పొద్దెక్కింది. పర్‌సదా గట్టు మీదికి గేదెలు వచ్చాయి. ఆడవాళ్లు బట్టలు తెచ్చారు. బాతులు అవతలి ఒడ్డుకు జరిగాయి తప్ప ఎగిరిపోలేదు. గేదెను, బిందెను చూసి బెదరనక్కర్లేదని వాటికి తెలుసు. మనుషులు వాడుకునే చెరువునే అవి ఎంచుకున్నాయి, తరతరాలుగా ఆ మనుషుల పక్కనే చలికాలం గడిపి వెళ్తున్నాయి. మార్చిలో మళ్లీ ఓ రాత్రి చెప్పాపెట్టకుండా ఉత్తరానికి బయల్దేరతాయి. వచ్చే శరత్తులో అదే దారిన తిరిగొచ్చేసరికి అదే వాలు, అదే బురద ఉంచడం ఊరి చేతిలో ఉన్న పని.